చిన్‌నా పట్టు

మొన్నామధ్య నా దగ్గిరికి పదేళ్ళ కుర్రవాడు ఒకడు వచ్చాడు. జామచెట్టు మీదినుంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంటే అయిదు వారాల కిందట నేనే వాడికి పిండికట్టు వేశాను. ఆ కట్టు కోసి తీస్తూంటే వాడు తన చెయ్యివైపు చూడనేలేదు.

"డాక్టరుగారూ! చైనావాళ్ళ సినిమాలో ఒక ముసలాయన తాడిచెట్టంత మనిషిని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. వాడు కుయ్యోమంటూ మోకాళ్ళమీద కూలబడ్డాడు. అలా నిజంగా జరుగుతుందా?" అని అడిగాడు.

"కొంత నిజమే, కొంత కాదు," అన్నాను.

"మీకెలా తెలుసు?"

"నేనూ అలా కూలబడ్డాను గనక!"

వాడు నోరు తెరిచాడు. కాని బయట ఇంకా పన్నెండుమంది రోగులు కాచుకుని ఉన్నారు. "తీరిగ్గా రాస్తాను, చదువుకో," అని వాడికి మాట ఇచ్చాను. ఆ మాట ప్రకారమే ఇప్పుడు రాస్తున్నాను. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉన్నది. దాన్ని దాచిపెట్టి మిగతాది రాయటం న్యాయం కాదు గనక అదికూడా చెబుతాను.

నేను వైద్యం చదవటానికి 2011లో చైనా దేశం వెళ్ళాను. ఆ రోజుల్లో మన తెలుగు పిల్లలు చాలామంది అలా వెళ్ళేవాళ్ళు. నేను చేరిన నగరం పేరు నాన్‌జింగ్. అది యాంగ్‌ట్సీ నది ఒడ్డున ఉన్నది; ఒకప్పుడు చైనాకు రాజధాని. ఆ నగరానికి 600 సంవత్సరాల కిందట కట్టిన కోటగోడ ఒకటి ఉన్నది. ఇప్పటికీ అది సుమారు 25 కిలోమీటర్ల పొడవున నిలిచి ఉన్నది. ఆ గోడ పక్కనే ష్వాన్‌వూ అనే పెద్ద సరస్సూ, దాని చుట్టూ తోటా ఉన్నాయి.

మా హాస్టల్లో తెలుగు కుర్రాళ్ళం ఆరుగురం ఉండేవాళ్ళం. ఒకరినొకరు ఊరిపేర్లతో పిలుచుకునేవాళ్ళం. నన్ను "తెనాలి" అనేవాళ్ళు. నాకు రామకృష్ణుడి తెలివితేటలు ఉన్నాయని కాదు, మాది తెనాలి గనక! నా గదిలో ఉండేవాడిది ఖమ్మం. అందుచేత వాడు మాకందరికీ ఖమ్మమే.

కొత్తలో నాకు ఇంటిమీద బెంగగా ఉండేది. తెల్లవారుజామునే మెలకువ వచ్చేసేది. గదిలో పడుకుని కప్పు చూస్తూ ఉండటం కంటే మేలని సరస్సు దగ్గిరికి వెళ్ళేవాణ్ణి. అక్కడ అప్పటికే తిరనాళ్ళలాగా ఉండేది! కొందరు ముసలివాళ్ళు మెల్లిగా, నీళ్ళలో నడుస్తున్నట్టు చేతులు కదుపుతూ వ్యాయామం చేసేవాళ్ళు. దాన్ని తాయ్‌చీ అంటారు. కొందరు ఆడవాళ్ళు విసనకర్రలు పట్టుకుని ఆడేవాళ్ళు. మరికొందరు పొడుగాటి కుంచెలు నీళ్ళలో ముంచి బండలమీద అందంగా అక్షరాలు రాసేవాళ్ళు. ఎండ తగలగానే ఆ అక్షరాలు ఆరిపోయేవి. వాళ్ళు మళ్ళీ రాసేవాళ్ళు.

ఒకరోజు నేను ఆ బండలపక్కనే నడిచి పోతూంటే వెనకనుంచి ఎవరో "చిన్నా!" అన్నారు.

నా గుండె ఝల్లుమన్నది. మా నాయనమ్మ నన్ను ఆ పేరుతోనే పిలుస్తుంది. నేను చప్పున వెనక్కు తిరిగి, "ఏం తాతా?" అని తెలుగులోనే అనేశాను.

అక్కడ ఒక బక్కపల్చని ముసలాయన, తనకు రెండింతలున్న మనిషి మణికట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చుట్టూ నలుగురైదుగురు శిష్యులున్నారు. అందరూ నావైపు విడ్డూరంగా చూశారు. వచ్చీరాని చైనా భాషలో, "మీరు నన్ను పిలిచారు గదా?" అన్నాను.

అసలు సంగతి తెలిసి వాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆయన నన్ను పిలవలేదు. తను పట్టిన పట్టు పేరు శిష్యులకు చెబుతున్నాడు. చైనా భాషలో "చిన్‌నా" అంటే పట్టుకుని అదుపులో పెట్టే విద్య!

ఆయన పక్కవాడి చేతిలోని కుంచె తీసుకుని బండమీద రెండు అక్షరాలు రాసి చూపాడు. మొదటిది "చిన్". అందులో ఎడమపక్క చెయ్యి గుర్తూ, కుడిపక్క పక్షి అనే అర్థం గల గుర్తూ ఉన్నాయి. రెండోది "నా". దానిలో పైన కలపటం అనే గుర్తూ, కింద చెయ్యి గుర్తూ ఉన్నాయి. "చూశావా, రెండింటిలోనూ చెయ్యి ఉన్నది," అన్నాడాయన. తరవాత తన చెయ్యి చాచి, "నీ చెయ్యి ఇలా ఇయ్యి," అన్నాడు.

ఇచ్చాను. ఆయన ఏం చేశాడో నాకు తెలియలేదు. లాగినట్టూ లేదు, కొట్టినట్టూ లేదు. నా మణికట్టు కొంచెం వంగింది, కొంచెం తిరిగింది. మరుక్షణం నేను ఆ బండమీద మోకాళ్ళమీద ఉన్నాను! ఆయన వెంటనే వదిలేసి, నా భుజం తట్టి లేవదీశాడు. నొప్పి అప్పుడే పోయింది.

నేను రోజూ వస్తానన్నాను. ఆయన సరేనన్నాడు. ఆయన్ను అందరూ "షీఫు" అనేవాళ్ళు. ఆ మాటలో మొదటి అక్షరానికి గురువనీ, రెండోదానికి తండ్రి అనీ అర్థం. ఆయన ఒక బస్సుల కార్ఖానాలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నాడు. ఆయన తండ్రి ఎముకలు సరిచేసే వైద్యుడు. పూర్వం చైనాలో కుస్తీలూ కర్రసాములూ నేర్పే గురువులు చాలామందికి బెణుకులూ, విరుగుళ్ళూ సరిచేసే పనికూడా తెలిసి ఉండేది. కీళ్ళు ఎలా తప్పుతాయో తెలిసినవాడికే వాటిని ఎలా కూర్చాలో కూడా తెలియాలి గదా!

చైనావారి యుద్ధవిద్యలు వందలకొద్దీ ఉన్నాయి. అయినా వాటిలోని పనులన్నిటినీ వాళ్ళు నాలుగు మాటల్లో చెబుతారు: తన్నటం, కొట్టటం, పడవెయ్యటం, పట్టటం. ఆ నాలుగోదే చిన్‌నా. అది విడిగా ఒక మతంలాగా ఉండేది కాదు. దాదాపు ప్రతి గురువు దగ్గిరా కొన్ని పట్లుంటాయి. గద్దగోళ్ళ విద్య అని ఒకటి ఉన్నది. దానిలో 108 పట్లు ఉన్నాయని చెప్పుకుంటారు. 1910లో షాంఘై నగరంలో వ్యాయామశాల ఒకటి పెద్ద ఎత్తున బయలుదేరింది. దాని పేరు జింగ్‌వూ. ఆ గద్దగోళ్ళ విద్యను అక్కడకూడా నేర్పారు. తరవాత 1928లో చైనా ప్రభుత్వం దేశంలోని విద్యలన్నిటినీ ఒకచోట నేర్పటానికి నాన్‌జింగ్‌లోనే ఒక కేంద్రం పెట్టింది. 1936లో జెజియాంగ్ రాష్ట్రపు పోలీసు విద్యాలయం కోసం చిన్‌నా మీద ఒక పాఠ్యపుస్తకమే తయారయింది.

పోలీసులకు ఈ విద్య ఎందుకో మీరే ఆలోచించండి. దొంగను చావగొట్టటం పోలీసువాడి పని కాదు. వాణ్ణి కదలకుండా పట్టుకుని, ప్రాణంతో, దెబ్బ తగలకుండా ఠాణాకు తీసుకుపోవాలి. దానికి కొట్టటం కంటే పట్టటమే మంచిది.

ఇంతకూ ఒక బక్క మనిషి పట్టుకుంటే బలవంతుడు ఎందుకు లొంగిపోతాడు? దీనికి మంత్రం ఏమీ లేదు. పగలు నేను కాలేజీలో ఎముకల గురించి చదివేవాణ్ణి. పొద్దున సరస్సు దగ్గిర ఆ ఎముకలే నా ఒంట్లో ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకునేవాణ్ణి.

మీ ఇంటి తలుపు చూడండి. మడతబందు ఉన్నవైపుకు అది ఎంతైనా తిరుగుతుంది. రెండోవైపుకు నెడితే గడపకు తగిలి ఆగిపోతుంది. ఇంకా నెడితే బందు ఊడుతుంది. మన మోచెయ్యి సరిగా అలాంటిదే. అది ముందుకు ముడుచుకుంటుంది. చెయ్యి చాచినప్పుడు మోచేతి మొన, పై ఎముక వెనక ఉన్న గుంటలో కూచుని ఆగిపోతుంది. అక్కడినుంచి ఇక దారి లేదు. భుజం కీలు అలా కాదు. అది గిన్నెలో గుండులాంటిది, అన్నివైపులకూ తిరుగుతుంది. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు గులకరాళ్ళలాగా పేర్చి ఉంటాయి. ఎముకను ఎముకతో గట్టి పట్టీలు కలిపి కట్టి ఉంచుతాయి. కీలు తన దారిలో చివరిదాకా పోయినప్పుడు ఈ పట్టీలు బిగుసుకుని, "ఇక ఆగు!" అని నొప్పి రూపంలో చెబుతాయి.

చిన్‌నా పట్టేవాడు చేసేదల్లా కీలును ఆ చివరిదాకా తీసుకుపోయి అక్కడ నిలబెట్టటమే. అప్పుడు పట్టుబడినవాడి ఒళ్ళు, నొప్పి ఎటు తగ్గుతుందో అటు తనంతట తనే పోతుంది. కింద తగ్గితే మోకాళ్ళమీద పడతాడు. పైన తగ్గితే మునివేళ్ళమీద లేస్తాడు. వాణ్ణి ఎవరూ తొయ్యనక్కరలేదు.

బలం సంగతి కూడా చూడండి. పెద్ద బండను గునపంతో లేపేటప్పుడు గునపాన్ని చివర పట్టుకుంటాం గాని బండ దగ్గిర పట్టుకోము. పిడి ఎంత పొడుగైతే పని అంత తేలిక. మనిషి మోచేతినుంచి మణికట్టుకు సుమారు 25 సెంటీమీటర్లు ఉంటుంది. ఆ మోచేతిని ముడిచే జబ్బకండ మాత్రం కీలుకు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే ఎముకకు అతుక్కుని ఉంటుంది. అంటే మణికట్టు దగ్గిర పట్టినవాడు ఒక కిలో బలం పెడితే, దాన్ని ఆపటానికి ఆ కండ అయిదు కిలోలకు పైగా లాగాలి! వస్తాదు కండలుకూడా ఇక్కడ నష్టపు బేరంలో ఉంటాయి.

మీరు ఇంట్లో చేసి చూడదగిన పరీక్ష ఒకటి చెబుతాను. ఒక పెన్సిలును గుప్పిట్లో గట్టిగా పట్టుకోండి. ఇప్పుడు మీ మణికట్టును మీరే, అరచేతివైపుకు, నొప్పి లేనంతవరకూ వంచండి. అలా వంచి ఉంచి పెన్సిలును మళ్ళీ గట్టిగా పట్టుకోవటానికి ప్రయత్నించండి. పట్టు సడలిపోతుంది! మీ తమ్ముడు కూడా దాన్ని తేలిగ్గా లాగేసుకోగలడు. ఎందుకంటే వేళ్ళను ముడిచే కండరాలు అరచేతిలో ఉన్నవి కొద్దిగానే. పెద్దవి మోచేతి కింద ఉన్నాయి. అక్కడినుంచి తాళ్ళలాంటివి మణికట్టు మీదుగా వేళ్ళదాకా వస్తాయి. మణికట్టు వంచితే లోపలి తాళ్ళు వదులవుతాయి. చేతి వెనకనున్న తాళ్ళు బిగిసి వేళ్ళను తెరవటానికి లాగుతాయి. కత్తి పట్టినవాడి చేతిలోనుంచి కత్తి జారిపోయేటట్టు చెయ్యటంలో ఉన్న రహస్యం ఇదే. పరీక్ష మీ చేతిమీద మీరే చేసుకోండి. ఇంకొకరి మణికట్టు వంచవద్దు. ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను.

షీఫు మాకు మొదట నేర్పింది పట్టు కాదు. చరచటం. ఎవరైనా మన చెయ్యి పట్టి తిప్పేటప్పుడు చాలుననిపించగానే మన తొడమీద గాని, వాడి ఒంటిమీద గాని రెండుసార్లు చరచాలి. ఆ చప్పుడు వినగానే పట్టినవాడు వదలాలి. "ఎందుకు?" అని అడగరాదు. "ఇంకాస్త" అనరాదు. జపాన్‌వారి జూడోలోకూడా ఇటువంటి నియమమే ఉన్నది. ఆ పోటీలలో మోచెయ్యి తప్ప మరే కీలూ పట్టి మెలిపెట్టరాదనికూడా కట్టడి చేశారు.

నేను త్వరగానే నేర్చుకున్నాను. నాలుగు నెలలు తిరిగేసరికి మణికట్టు పట్లు అరడజను వచ్చాయి. దానితో నాకు లోపల గర్వం మొదలయింది.

అది జూన్ నెల. శరీర నిర్మాణ శాస్త్రంలో మాకు పరీక్ష ఇంకా పదిరోజులున్నది. మా అమ్మ పంపిన ఆవకాయ సీసాలో అడుగున రెండు ముక్కలు మిగిలాయి. రాత్రి అన్నాల దగ్గిర ఖమ్మం ఆ సీసా చప్పున లాక్కుని పైకెత్తి పట్టుకున్నాడు.

"ఒరే తెనాలీ, రోజూ సరస్సుకు పోయి ఏదో వెలగబెడుతున్నావుగా! ఏదీ, తీసుకో చూద్దాం!" అన్నాడు నవ్వుతూ. మిగతా నలుగురూ చుట్టూ చేరారు.

నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. పట్టు సరిగా పడింది. వాడు మునివేళ్ళమీద లేచాడు. అందరూ "భళా!" అన్నారు.

"ఒరే, వదులు," అన్నాడు ఖమ్మం.

నాకు వినబడింది. వినబడలేదని తరవాత చాలామందితో చెప్పాను గాని, నిజంగా వినబడింది. వాడికి చరచటమనేది తెలియదు, మాటతో చెప్పాడు. నేను గెలిచానని అందరూ ఇంకొక్క క్షణం చూడాలనిపించింది. ఆ ఒక్క క్షణం వదల్లేదు.

ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడయింది. సీసా కిందపడి పగిలి, నూనె నేలంతా పాకింది. ఖమ్మం అరవలేదు. చెయ్యి కడుపుకు అదుముకుని అలాగే కింద కూచున్నాడు. వాడి మొహం తెల్లగా పాలిపోయింది.

ఆస్పత్రిలో ఎక్సురే తీశారు. ఎముక విరగలేదు. కాని మణికట్టులోని చిన్న ఎముకలను కట్టి ఉంచే పట్టీ ఒకటి కొంత చిరిగింది. నాలుగు వారాలు బద్ద కట్టి కదలకుండా ఉంచాలన్నారు. అది వాడి కుడిచెయ్యి.

మర్నాడు పొద్దున షీఫు దగ్గిరికి వెళ్ళి తల వంచుకుని చెప్పాను. ఆయన తిడతాడనుకున్నాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఎక్సురే తీయించావా?" అని. తీయించానన్నాను. "అతను వదలమన్నాడా?" అన్నాడు.

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. కాని ఆయన మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "అన్నాడు. నాకు వినబడింది," అన్నాను. ఆ మాట నేను ఒప్పుకున్నది ఆయన ఒక్కడి దగ్గిరే.

ఆయన కాసేపు సరస్సువైపు చూశాడు. ఇంకేమీ అనలేదు. సాయంకాలం ఒక సంచీ నిండా పళ్ళు కొనుక్కుని మా హాస్టలుకు వచ్చాడు. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, నాలుగు అంతస్తులు మెట్లెక్కి వచ్చాడు. ఖమ్మం మంచం ముందు నిలబడి, పంతొమ్మిదేళ్ళ కుర్రవాడికి తల వంచి, "వీడికి ఈ పని నేర్పినవాణ్ణి నేను. ఈ తప్పులో నా వాటా కూడా ఉన్నది. నన్ను మన్నించు," అన్నాడు.

ఖమ్మం కంగారుపడి లేచి నిలబడ్డాడు. నాకు భూమి విచ్చి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఆయన నన్ను నాలుగు లెంపకాయలు కొట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

వెళ్ళేముందు ఆయన నాతో, "రేపు రా. కాని నువ్వు ఎవరినీ పట్టవద్దు. చెయ్యి ఇయ్యి, అంతే," అన్నాడు.

ఒక సంవత్సరంపాటు అదే నా చదువు. కొత్తగా చేరిన ప్రతివాడికీ నా చెయ్యి ఇచ్చేవాణ్ణి. వాళ్ళు తిప్పేవాళ్ళు, వంచేవాళ్ళు. కొందరు మెత్తగా పట్టేవాళ్ళు, కొందరు మొరటుగా పట్టేవాళ్ళు. నేను చరచిన వెంటనే వదిలేవాళ్ళెవరో, కొంచెం ఆలస్యం చేసేవాళ్ళెవరో నా మణికట్టుకు తెలిసిపోయేది. ఆలస్యం చేసేవాణ్ణి చూస్తే నాకు భయం వేసేది. ఖమ్మం ఆ రాత్రి నన్ను చూసి ఎలా భయపడి ఉంటాడో అప్పుడు గాని తెలిసిరాలేదు.

ఆ ఏడాది గడిచాక ఒకరోజు షీఫు తన మణికట్టు నా చేతికి ఇచ్చి, "ఇప్పుడు పట్టు," అన్నాడు. పట్టాను. కీలు చివరికి పోతూ ఉండగానే, ఆయన చరచకముందే, నా వేళ్ళు వాటంతట అవే ఆగాయి. ఆయన చర్మం కింద పట్టీలు బిగుసుకోవటం నాకు తెలిసింది. "ఆఁ," అన్నాడాయన. అంతకు మించి మెచ్చుకోలేదు.

ఇక ఖమ్మం సంగతి. ఆ నాలుగు వారాలూ వాడి బట్టలు నేనే ఉతికాను, అన్నం నేనే కలిపి పెట్టాను, పాఠాలు నేనే చదివి వినిపించాను. కాని వాడి పరీక్ష నేను రాయలేను గదా! ఆ పరీక్ష వాడు సెలవుల్లో రాయవలసివచ్చింది. అందుచేత ఆ వేసవికి వాడు ఇంటికి పోలేదు. వాళ్ళమ్మ ఫోనులో ఏడ్చిందట. చెయ్యి ఎలా బెణికిందని ఆవిడ అడిగితే, మెట్లమీద జారిపడ్డానని చెప్పాడు. నా పేరు చెప్పలేదు. మరుసటి నెల మా అమ్మ మళ్ళీ ఆవకాయ పంపితే మూత తియ్యకుండా సీసా వాడికే ఇచ్చాను. వాడు నవ్వి, మూత తీసి, "కూచో, తెనాలీ. పళ్ళేలు రెండు తీసుకురా," అన్నాడు.

ఇప్పుడు వాడు పిల్లల వైద్యుడు. మేము ఇప్పటికీ స్నేహితులమే. కాని చలికాలం వస్తే ఆ మణికట్టు ఇంకా సలుపుతుందట. క్షమించినంత మాత్రాన చిరిగిన పట్టీ కొత్తది అయిపోదు.

సినిమా సంగతి అడిగిన కుర్రవాడికి ఇప్పుడు జవాబు చెబుతాను. బక్కవాడు బలవంతుణ్ణి మోకాళ్ళమీద పడెయ్యటం నిజమే. కాని రెండు వేళ్ళు చాలవు. పట్టేవాడి ఒళ్ళంతా ఆ పట్టు వెనక ఉండాలి. ఎదుటివాడు ఊరికే నిలబడి చెయ్యి ఇవ్వడుగనక, ఏళ్ళతరబడి సాధన చేసినవాళ్ళకుకూడా ఒక్కొక్కసారి పట్టు దొరకదు. వేలితో ఒకచోట పొడిస్తే మనిషి బొమ్మలాగా బిగుసుకుపోవటం చైనావాళ్ళ వీరగాథల్లోనే ఉంటుంది. మోచెయ్యి గోడకు తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది, చూశారా? అక్కడ ఒక నరం చర్మం కిందనే ఉన్నది. అటువంటి చోట్ల నొక్కితే నొప్పి పుట్టటం మాత్రం నిజం. ఇక మీరు ఆటల్లో ఎవరి చెయ్యి అయినా పట్టుకున్నప్పుడు, "వదులు" అన్న మాట వినబడితే ముందు వదలండి. అది వేళాకోళమో నిజమో తరవాత తెలుసుకోవచ్చు.

పెద్దలకు కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. కిందటి నెలలో ఒక తండ్రి రెండేళ్ళ పిల్లను ఎత్తుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. పిల్ల ఎడమచెయ్యి వేలాడేసుకుని ఉన్నది. కదపనివ్వదు. కదిపితే ఏడుస్తుంది. తండ్రి మొహం, ఆ రాత్రి అద్దంలో చూసుకున్న నా మొహంలాగే ఉన్నది.

"ముద్దుచేస్తూ రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పానండీ. నేనే నా బిడ్డ చెయ్యి విరిచేశాను," అన్నాడు.

చెయ్యి విరగలేదు. మోచేతి కింద రెండు ఎముకలుంటాయి. వాటిలో ఒకదాని తల ఒక ఉంగరంలాంటి పట్టీలో ఇమిడి తిరుగుతూ ఉంటుంది. అయిదేళ్ళలోపు పిల్లలకు ఆ ఉంగరం వదులుగా ఉంటుంది. చెయ్యి పట్టుకుని గుంజినా, ఎత్తినా, తిప్పినా ఆ తల ఉంగరంలోనుంచి కొంచెం జారుతుంది. అందుకే చిన్నపిల్లలను ఎత్తేటప్పుడు మణికట్టు పట్టి ఎత్తరాదు. చంకల కింద చేతులు వేసి ఎత్తాలి. ఒకవేళ చెయ్యి వేలాడేస్తే ఇంట్లో ఎవరూ తిప్పి చూడవద్దు. అది విరిగి ఉండవచ్చు. వెంటనే డాక్టరు దగ్గిరికి తీసుకుపోండి.

నేను పిల్ల మోచెయ్యి ఒక చేత్తో పట్టుకుని, రెండోచేత్తో మణికట్టు పట్టుకున్నాను. అరచెయ్యి పైకి తిప్పి, మోచెయ్యి మడిచాను. తిప్పటమూ, మడవటమూ సరస్సు దగ్గిర నేర్చుకున్నవే. ఎక్కడ ఆగాలో మాత్రం నాకు ఖమ్మం చెయ్యి నేర్పింది. నా బొటనవేలి కింద "టిక్" మన్నది. పిల్ల ఒక్కసారి కెవ్వుమని, తండ్రి భుజంమీద మొహం దాచుకున్నది.

పది నిమిషాలు ఆగాము. తండ్రి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నేను బల్లమీదినుంచి రంగుబొమ్మ ఒకటి తీసి, పిల్ల ఎడమచేతికి కొంచెం పైగా పట్టుకున్నాను.

"చిన్నా! ఇదుగో, అందుకో," అన్నాను.

పిల్ల కాసేపు బొమ్మకేసి చూసింది. తరవాత ఎడమచెయ్యి ఎత్తి అందుకున్నది.